చన్నీటి అడుగున ఓడలు – 4వ పాఠం: ఆరుగురితో టోబర్‌మోరీ

గత పాఠంలో డ్రైసూట్‌లోకి, అంటే నీరు లోపలికి రాని డైవింగ్ దుస్తుల్లోకి, గాలి ఎక్కించడం, వదలడం కొలనులో సాధన చేశాం. అది ఇంకా చేతికి రానివారు ఈ పాఠం చదవండి, కానీ పడవ మాత్రం అప్పుడే బుక్ చేయకండి.

ఆరుగురు డైవర్ల బృందంగా, నీట మునిగిన ఓడలు చూడటానికి మన ప్రయాణం కెనడాలోని ఒంటారియోకు. టొరంటో నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు వెళితే బ్రూస్ ద్వీపకల్పం కొసన టోబర్‌మోరీ అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ హ్యూరాన్ సరస్సు, జార్జియన్ బే. అక్కడి ఫాథమ్ ఫైవ్ జల ఉద్యానం 1987లో ఏర్పడింది. ఇరవైకి పైగా ఓడలు అందులో మునిగి ఉన్నాయి. సముద్రంలో అయితే చెక్కను తొలిచే పురుగులు ఈపాటికి వాటిని తినేసేవి. మంచినీటిలో ఆ పురుగు బతకదు, చలి వల్ల కుళ్లడమూ నెమ్మదే. అందుకే 1885లో మునిగిన స్వీప్‌స్టేక్స్ అనే తెరచాప ఓడ బిగ్ టబ్ రేవులో ఆరు మీటర్ల లోతున ఇంకా ఓడ ఆకారంలోనే ఉంది. దాని లోపలికి దూరకూడదు. మనం వదిలిన గాలి బుడగలు పైచెక్కల కింద చేరి వాటిని వదులు చేస్తాయి. నూట నలభై ఏళ్లు నిలిచిన చెక్క మన ఊపిరికి చెడకూడదు.

టొరంటో చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లలో చాలామంది డైవింగ్ నేర్చుకుని కార్డు తెచ్చుకున్నది అండమాన్‌లోనో మాల్దీవుల్లోనో. అక్కడి నీళ్లు ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఇక్కడ ఆగస్టులో పైన ఈతకు హాయిగానే ఉంటుంది కానీ కిందికి దిగుతుంటే ఒకచోట గీత గీసినట్టు చలి మొదలవుతుంది. దాని కింద 4 నుంచి 6 డిగ్రీలే. కార్డు మీద ఏ స్థాయి ఉన్నా, ఈ నీటిలో ఎవరైనా కొత్తవారే. బృందంలో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవారు ఎవరో ముందు తేల్చుకుని, ప్రణాళిక వారి నుంచే మొదలుపెట్టండి.

నేను మొదటిసారి బృందాన్ని తీసుకెళ్లినప్పుడు ఇది తలకిందులుగా చేశాను. సెలవు రెండు రోజులే కదా అని తొలిరోజే లోతైన ఓడకు దిగాం. 27 మీటర్ల దగ్గర ఒక మిత్రుడి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గడ్డకట్టి గాలి ధారగా పోవడం మొదలైంది. బడ్డీ, అంటే జతగా దిగిన డైవర్, సిలిండర్ మీద ఇద్దరూ పైకొచ్చారు. పడవ ఎక్కాక ఆ బడ్డీ గేజ్‌లో మిగిలింది 20 బార్ (బార్ గాలి ఒత్తిడికి కొలత; నిండు సిలిండర్‌లో 207 ఉంటుంది). ఆరోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు గడ్డకడుతుంది? సిలిండర్‌లోని గాలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గేచోట, అంటే రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్‌లో, అది బాగా చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీరు ఎలాగూ 4 డిగ్రీలే కాబట్టి మంచు పట్టి వాల్వు తెరుచుకున్నట్టే ఇరుక్కుపోతుంది. ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు ఊపిరి పీల్చినా, పీలుస్తూనే డ్రైసూట్‌లోకి గాలి నింపినా ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే చన్నీటి కోసం తయారైన, సీలు చేసిన ఫస్ట్ స్టేజ్ కావాలి. దానితోపాటు వేరే రెగ్యులేటర్ బిగించిన చిన్న సిలిండర్ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

ఇప్పుడు లెక్క: ఒకరి గాలి పోతే ఇద్దరూ ఒకే సిలిండర్ మీద పైకి రావడానికి ఎంత గాలి దాచుకోవాలి? కాగితం తీసుకోండి. 1884లో మునిగిన అరేబియా అనే ఓడ దాదాపు 33 మీటర్ల లోతున ఉంది. అక్కడ ఒత్తిడి సుమారు 4.2 బార్, అంటే ఒక్కో ఊపిరికి నీటిపైన కన్నా 4.2 రెట్ల గాలి ఖర్చవుతుంది. ఆపదలో, చలిలో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుందాం. ఇద్దరికీ కలిపి 60. అడుగున తేరుకోవడానికి ఒక నిమిషం: 60 × 4.2 = 252 లీటర్లు. పైకి రావడానికి నాలుగు నిమిషాలు, సగటు ఒత్తిడి 2.6: 624 లీటర్లు. ఒంట్లో చేరిన వాయువు మెల్లగా బయటకు పోవడానికి ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు, ఒత్తిడి 1.5: 270 లీటర్లు. మొత్తం 1146 లీటర్లు.

అద్దెకు దొరికే మామూలు అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11.1 లీటర్లు. 1146ను దానితో భాగిస్తే 103. అంటే ఆపద కోసం దాచిన ఆ 103 బార్ ముట్టుకోకూడదు. దుకాణంలో 207 బార్ చూపిన గేజ్, సిలిండర్ చన్నీటిలో చల్లారాక 193 దగ్గరకు పడిపోతుంది. ఇక మీకు మిగిలింది 90 బార్, అంటే వెయ్యి లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఆ లోతున పన్నెండు నిమిషాలు, దిగే సమయంతో సహా. ఈ అంకె చూశాక, ఒక్క అల్యూమినియం సిలిండర్‌తో అరేబియాకు ఎవరినీ నేను తీసుకెళ్లను. ఆ ఓడ దగ్గర డైవర్ల ప్రాణాలు పోయాయి.

రోజుల వరుస ఇలా పెట్టుకోండి. డైవర్లు ముందు పార్క్స్ కెనడా సందర్శకుల కేంద్రంలో నమోదు చేసుకోవాలి, అది తప్పనిసరి. మొదటి రోజు ఒడ్డు నుంచి తేలిక డైవ్. సముద్రంలో వాడిన బరువులే ఇక్కడ కట్టుకోవద్దు, మంచినీరు తక్కువ తేలుస్తుంది. సరంజామాతో మీరు వంద కిలోలు ఉంటే రెండున్నర కిలోలు తగ్గించి చూడండి. సూటు మారితే మళ్లీ మొదటినుంచి. మధ్యాహ్నం స్వీప్‌స్టేక్స్. అక్కడ అద్దం అడుగున్న పడవలూ తిరుగుతాయి కాబట్టి డైవర్ల సమయాలు ముందే అడగండి. రెండోరోజు నయాగరా 2 అనే ఓడ. దాన్ని 1999లో డైవర్ల కోసమే ముంచారు, అడుగు దాదాపు 30 మీటర్లు, కానీ పైభాగాలు చూసి తిరిగి రావచ్చు. అరేబియా మూడోరోజు, అదీ వెళ్లదగినవారికే. మిగతావారు ఒడ్డున ఉండటం చిన్నతనం కాదని బయలుదేరకముందే, ఇంట్లో కూర్చున్నప్పుడే చెప్పండి. ఒక రోజు ఖాళీగా ఉంచండి, గాలి తిరిగితే పడవలు కదలవు.

ఆరుగురూ ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఎవరు బొటనవేలు పైకి చూపినా, అంటే డైవర్ల సైగలో ‘పైకి పోదాం’ అన్నా, డైవ్ అక్కడితో అయిపోయినట్టే. ఎందుకని నీటిలోనూ అడగరు, భోజనం దగ్గరా అడగరు. పడవలో ఆక్సిజన్ పెట్టె ఉందా, దాన్ని వాడటం తెలిసినవారు ఎవరు, దగ్గరలో ప్రెజర్ ఛాంబర్ (లోతు నుంచి వచ్చి జబ్బుపడిన డైవర్లకు చికిత్స చేసే ఒత్తిడి గది) ఎక్కడ పనిచేస్తోంది? ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద రాసి ఆరుగురికీ ఇవ్వండి.

ఇంటిపని: మీ సొంత సిలిండర్ పరిమాణంతో నయాగరా 2 అడుగుకు ఇదే లెక్క వేయండి. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 3.9 బార్‌గా తీసుకోండి. వచ్చే పాఠంలో, మూడు వేళ్లే ఉండే మందపాటి చేతితొడుగులతో లంగరుతాడు పట్టుకుని దిగడం.