సైకిల్ మీద తిరుపతి నుంచి బెంగళూరుకు – నాలుగో పాఠం: రెండో రోజు పొద్దున

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేసినవాళ్లు ఇప్పటికి ఆదివారం పొద్దున 60 కిలోమీటర్లు పెద్ద ఇబ్బంది లేకుండా తొక్కుతూ ఉంటారు. సీటు ఎత్తు కుదిరి ఉంటుంది, మోకాలి ముందు భాగంలో నొప్పి తగ్గి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఒక లెక్క వేసుకుంటారు. ఈ వారం 60, వచ్చే వారం 80, ఆ పై వారం 100. వంద తొక్కేస్తే బెంగళూరు చేరినట్టే అని. ఈ లెక్కను నేను ఒప్పుకోను. మన ప్రయాణంలో ఏ రోజూ వంద దాటదు. మొదటి రోజు తిరుపతి నుంచి చిత్తూరు 70, రెండో రోజు చిత్తూరు నుంచి ముల్బాగల్ సుమారు 80, మూడో రోజు అక్కడి నుంచి బెంగళూరు వందలోపు. నిన్న అలసిన కాళ్లతోనే ఇవాళ మళ్లీ పెడల్ మీద నిలబడాలి, అసలు కష్టం అదే. ఒక్క రోజు వంద కొట్టి వారమంతా విశ్రాంతి తీసుకునే అలవాటు ఈ కష్టానికి అక్కరకు రాదు.

మన దారి ఎత్తుపల్లాలు ఒకసారి చూడండి. తిరుపతి సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు 330 చిల్లర. మొదటి రోజు 70 కిలోమీటర్లలో ఎక్కే ఎత్తు చిన్నచిన్న మిట్టల్లో కలిసిపోతుంది. చంద్రగిరి కోట కుడి పక్కన కనబడుతూ ఉంటుంది, రోడ్డు వెడల్పు, పొద్దుటి గాలి చల్లగా ఉంటుంది, పక్కన ఇద్దరు స్నేహితులు ఉంటారు. ఉత్సాహం కొద్దీ అందరూ గట్టిగా తొక్కేస్తారు. పూతలపట్టు దాటేసరికి ఇంకా సత్తువ మిగిలే ఉందనిపిస్తుంది. పలమనేరు మాత్రం దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు నుంచి పలమనేరు 40 కిలోమీటర్లే, కానీ ఆ మధ్యలో మూడున్నర వందల మీటర్లు పైకి పోవాలి. అందులో పెద్ద భాగం బంగారుపాళ్యం దాటాక వచ్చే మొగిలి ఘాట్‌లోనే. అంటే మొత్తం ప్రయాణంలో గట్టి ఎక్కుడు రెండో రోజు పొద్దున్నే ఎదురవుతుంది. ఈ పాఠమంతా ఆ పొద్దుటి కోసమే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలియాలి. మనం తిన్న అన్నం, సంగటి, దోసెల్లోని పిండిపదార్థం కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. మామూలు మనిషిలో ఆ నిలవ 400 నుంచి 500 గ్రాములు. నాలుగైదు గంటలు తొక్కితే అందులో చాలా భాగం ఖర్చవుతుంది. అది మళ్లీ పూర్తిగా నిండడానికి కడుపునిండా తిన్నా ఒక రోజు వరకూ పడుతుంది. మనకు అంత టైం లేదు. చిత్తూరులో మధ్యాహ్నం పన్నెండుకు దిగితే మర్నాడు వెలుతురు వచ్చే ఆరున్నరకు మళ్లీ ఎక్కాలి, అంటే పద్దెనిమిదిన్నర గంటలు. అయితే సైకిల్ దిగిన మొదటి రెండు గంటల్లో కండరాలు ఈ నిలవను చాలా త్వరగా నింపుకుంటాయి. చాలామంది ఈ రెండు గంటలనే స్నానానికి, ఫోన్‌కి, ఫొటోలకి ఇచ్చేస్తారు. తర్వాత ఆకలి చచ్చిపోయి రాత్రి రెండు ఇడ్లీలు తిని పడుకుంటారు. మర్నాడు మొగిలి దగ్గర కాళ్లు ఎందుకు కదలడం లేదో వాళ్లకు అర్థం కాదు.

కాబట్టి నియమం ఒకటే. దిగిన అరగంటలో నోట్లో ఏదో పడాలి. 65 కిలోల మనిషికి ఆ మొదటి గంటలో 65 నుంచి 75 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఉడికిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా ఉంటుంది. పావు కిలో అన్నంలో పెరుగు కలుపుకుని తింటే సరిపోతుంది. అందులో ఉప్పు కాస్త ఎక్కువే వేసి నిమ్మకాయ ఊరగాయ నంజుకోండి. చెమటలో పోయిన ఉప్పు వెనక్కి వస్తుంది. దానితో రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు తీసుకుంటే కండరాల మరమ్మతుకు 20 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. రాగిసంగటి రాత్రి భోజనానికి పెట్టుకోండి. అది నెమ్మదిగా అరుగుతుంది, పొద్దుటి దాకా ఆసరాగా ఉంటుంది. మన వైపు మనిషికి సంగటి, పప్పుచారు కంటే మంచి రైడర్ భోజనం లేదని నా గట్టి నమ్మకం. ఊరబిండి మాత్రం ఆ రాత్రికి తగ్గించండి. కారం ఎక్కువైతే పొద్దున కడుపు సతాయిస్తుంది.

తిన్నాక వెంటనే షార్ట్స్ మార్చండి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదని రెండో పాఠంలో చెప్పాను. ఆ తడి బట్టలతో గంట కూర్చున్నా చర్మం ఒరుసుకుపోయిన చోట పొక్కు లేస్తుంది. రెండో రోజు రైడ్ ఆగిపోవడానికి కాళ్ల నొప్పి కంటే ఈ పొక్కే ఎక్కువ సార్లు కారణమవుతుంది. రెండు జతలు కొనండి. ఒకటి ఉతికి ఫ్యాన్ కింద ఆరేయండి.

ఇక టైర్లు. ఈ పని రాత్రే చేయాలి, పొద్దున కాదు. మన పొలాల గట్ల మీద, రోడ్డు మార్జిన్లలో పల్లేరు తీగ ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ఎండిన పల్లేరుకాయ ముల్లు టైరులో గుచ్చుకుంటే వెంటనే గాలి పోదు. ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. గాలి రాత్రంతా కొంచెం కొంచెంగా దిగి, పొద్దున ఐదున్నరకు చూస్తే చక్రం నేలకు అంటుకుని ఉంటుంది. అందుకని లాడ్జి గదిలో సైకిల్ తలకిందులు చేసి, ఫోన్ టార్చి వెలుగులో చక్రాన్ని చాలా నిదానంగా తిప్పుతూ టైరు మొత్తం చూడండి. బూడిద రంగు చుక్కలా కనిపించేది రాయి కావచ్చు, ముల్లు కావచ్చు. గోటితో గీకితే కదలకపోతే ముల్లే. దాన్ని పీకి, ఆ చోట ఎంగిలి తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడండి. బుడగ వస్తే ట్యూబ్ మార్చేయండి. మార్చేటప్పుడు టైరు లోపలి వైపు చిన్న దూది ఉండతో తుడవండి. మిగిలిన ముల్లు మొన ఉంటే దూది పీచు దానికి తగులుకుంటుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది, పైగా చిన్న మొన తెలియదు కూడా.

ఇప్పుడు ప్రాక్టీస్. ఇవాళ్టి నుంచి ఆదివారం ఒక్కటే తొక్కడం మానేయండి. శనివారం, ఆదివారం జంటగా తొక్కాలి. చేతిలో ఎనిమిది వారాలు ఉన్నాయనుకుందాం. మొదటి రెండు వారాలు శనివారం 40, ఆదివారం 30. తర్వాతి రెండు వారాలు 55, 45. ఐదో వారం దూరం సగానికి తగ్గించండి. బలం పెరిగేది ఆ విశ్రాంతిలోనే. ఆరో వారం 70, 55. ఏడో వారం 75, 65. ఎనిమిదో వారం కాళ్లు పట్టేయకుండా అరగంట, ముప్పావు గంట తిరిగితే చాలు. ఈ జంటలో ముఖ్యమైనది ఆదివారమే. ఆదివారం తొక్కలేకపోతే శనివారం ఎక్కువ తొక్కినట్టు లెక్క. వచ్చే వారం శనివారం తగ్గించాలి తప్ప ఆదివారాన్ని వదిలేయకూడదు.

దారుల సంగతి. శనివారానికి శ్రీకాళహస్తి రోడ్డు బాగుంటుంది. రేణిగుంట, ఏర్పేడు మీదుగా పోయి రావడానికి 75 కిలోమీటర్లు పడుతుంది, దాదాపు అంతా చదును. తెల్లవారకముందు లారీలు ఎక్కువ, అందుకే వెలుతురు వచ్చాకే బయలుదేరండి. పురటాసి నెలలో, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి నెల రోజులు, పుత్తూరు రోడ్డు వైపు పోకపోవడమే మంచిది. తమిళనాడు నుంచి కొండకు నడిచి వచ్చే భక్తులు గుంపులుగా రోడ్డు అంచునే నడుస్తూ ఉంటారు. వాళ్లను తప్పించబోయి మనం రోడ్డు మధ్యకు పోవాల్సి వస్తుంది. ఆదివారానికి మాత్రం ఎక్కుడు తప్పనిసరి. రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి తిరిగి రండి. మలుపులు ఇరుకు, ఎదురుగా బస్సులు వస్తాయి, కాబట్టి పొద్దున్నే పోయి తొందరగా దిగేయాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే ఆ వారం ఘాట్ వదిలేయండి. తడి మలుపుల్లో కొత్తవాళ్ల బ్రేకులు పట్టవు. అందుకే అసలు ప్రయాణం జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో పెట్టుకోమంటాను. వాన పోతుంది, ఎండ ఇంకా ముదరదు.

ఆదివారం ఎలా తొక్కాలి? మొదటి గంట తక్కువ గేరులోనే, పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే పోవాలి. నిన్నటి నొప్పి మొదటి ఐదారు కిలోమీటర్లలో గట్టిగా తెలుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ ఐదారు కిలోమీటర్లలో మనసు పెట్టే పోరు నమ్మొద్దు. ఘాట్ వచ్చేముందే గేరు మార్చాలి. ఎక్కుతూ, పెడల్ మీద బరువంతా వేసి మారిస్తే చైన్ కొట్టుకుంటుంది, ఒక్కోసారి జారిపోతుంది. చైన్ ముందు చిన్న పళ్ల చక్రం మీద, వెనక పెద్ద పళ్ల చక్రం మీద ఉండాలి. వెనక పెద్దదానికి 32 లేదా 34 పళ్లు ఉంటే మొగిలి కూర్చునే ఎక్కవచ్చు. నిమిషానికి 60 నుంచి 70 సార్లు కాలు తిరిగితే చాలు. లేచి నిలబడి తొక్కడం నడుముకు విశ్రాంతి ఇవ్వడానికి మాత్రమే, అదీ అర నిమిషం.

తిండి మొదటి గంట నుంచే. ఆకలి వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమవుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాముల వరకు ఉంటుంది. గంటకు ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు సరిపోతాయి. చెనక్కాయ ఉండలు రుచిగా ఉంటాయి గానీ అందులో నూనె ఎక్కువ, నెమ్మదిగా అరుగుతాయి. వాటిని ఘాట్ ఎక్కాక పలమనేరులో టీతో పాటు తినండి. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తల తిరగడం, వాంతి, తికమక మొదలవుతాయి. రెండు సీసాల్లో ఒకటి ఓఆర్‌ఎస్ ఉండాలి. లీటరు నీళ్లకు ఒక పెద్ద ప్యాకెట్, అర లీటరుకు కాదు. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులను దాని బదులు కొనకండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉండాలి.

అసలు ప్రయాణం రోజు చిత్తూరు నుంచి చీకట్లో మాత్రం కదలొద్దు. పలమనేరు చుట్టుపక్కల అడవి కౌండిన్య అభయారణ్యం. అక్కడ ఏనుగులు రోడ్డు దాటడం కొత్తేమీ కాదు. బాగా తెల్లారాకే ఘాట్ మొదలుపెట్టేలా లెక్క వేసుకోండి.

ఇంత శ్రమ దేనికోసమో కూడా ఇక్కడే చెప్పాలి, రోగుల వైద్యానికి విరాళాలు పోగుచేయడానికి. చాలామంది కిలోమీటరుకు ఇంత అని విరాళం మాట తీసుకుంటారు. కిలోమీటరుకు పది రూపాయలు ఇస్తానన్న మనిషి దగ్గర 250 కిలోమీటర్లకు 2,500 వస్తుంది. మీరు చిత్తూరులోనే ఆగిపోతే 700. ఆ లెక్క మనసులో తిరుగుతూ ఉంటే జ్వరం ఉన్నా, మోకాలు వాచినా తొక్కేస్తారు. అది తప్పు. అందుకే దూరంతో సంబంధం లేకుండా ముందే ఒక మొత్తం అడగమంటాను. డబ్బు మీ ఖాతాలోకి వద్దు. తిరుపతిలోనే పేద రోగుల వైద్యానికి టీటీడీ ప్రాణదాన ట్రస్టు ఉంది, 2021లో మొదలైన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి శ్రీ పద్మావతి హృదయాలయం ఉంది. ఇచ్చేవాళ్లనే నేరుగా ట్రస్టు ఖాతాకు పంపి రసీదు తీసుకోమనండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకైతే ఆ మినహాయింపే లేదు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే తర్వాత మాట పడక్కర్లేదు. మన లాడ్జి, భోజనం ఖర్చు మన జేబులోదే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆదివారం పొద్దున ఎప్పుడు ఆగాలో కూడా తెలిసి ఉండాలి. లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. రోజూ ఉండే సంఖ్య కంటే పది దాకా ఎక్కువ ఉంటే ఆ రోజు దూరం సగం చేయండి. కండరమంతా పట్టేసినట్టుండే నొప్పి మామూలే. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, ముఖ్యంగా కీలు దగ్గర, తొక్కేకొద్దీ పెరుగుతుంటే దిగిపోండి. చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నలుగుతోందని అర్థం. మోచేతులు కొంచెం వంచి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి.

ఈ వారం హోంవర్క్: శనివారం 40, ఆదివారం 30. శనివారం బయలుదేరే ముందు, వచ్చాక తక్కువ బట్టలతో బరువు చూసుకుని రెండూ రాసుకోండి. దారిలో ఎన్ని సీసాలు తాగారో కూడా రాయండి. కిలో తగ్గితే, తాగినదానికి పైన ఇంకో లీటరు చెమట పోయినట్టు. దిగాక ఎన్ని నిమిషాలకు తిన్నారు, ఏం తిన్నారు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఆదివారం లేవగానే నాడి ఎంత, మొదటి గంటలో ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి, ఇవన్నీ ఒకే పేజీలో ఉండాలి. వచ్చే పాఠంలో ఘాట్ దిగడం నేర్చుకుంటాం, బ్రేకులు ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి. దానికి ముందు సైకిల్ షాపుకు వెళ్లి రెండు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూపించుకోండి. గాడి కనిపించకపోతే కొత్తవి వేయించుకునే రండి.