మన ఎమ్మెల్యే ఎందుకిలా ఉన్నాడు: సమస్య, కారణం, మన చేతిలో ఉన్న మరమ్మతు

ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. "వీళ్లేం నాయకులు? ఆ నోళ్లేమిటి, ఆ కేసులేమిటి, సభలో ఆ కొట్లాటలేమిటి?" ఆ కోపంలో న్యాయముంది. నాకూ ఉంది ఆ కోపం. కాని అది పోవాల్సిన చోటికి పోవడం లేదు. పోలింగ్ రోజు ఒక్కటే మనదనుకుంటున్నాం. ఆ రోజు ఎవరో తెచ్చి ముందుపెట్టిన రెండు మూడు పేర్లలో ఒకటి ఏరుకుని, మిగతా అయిదేళ్లూ తిట్టుకుంటున్నాం. మనం బూత్‌కు వెళ్లేసరికే చెడాల్సింది చెడిపోయి ఉంటుంది. అందుకే ఒక్కో లక్షణం పట్టుకుని వెనక్కి వెళ్లి చూద్దాం.

సమస్య 1: నిలబడ్డవాళ్లలో ఓటేయాలనిపించే మనిషే లేడు

2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 162 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని తామే అఫిడవిట్‌లో రాసిచ్చారు. 2024కి వాళ్లు 251 మంది అయ్యారు. సభలో ఉండేది 543 మంది. అదే 2024లో గెలిచినవాళ్లలో 504 మంది కోటీశ్వరులు. ఈ లెక్కలు తీసింది ఏడీఆర్ అనే సంస్థ, అభ్యర్థులు స్వయంగా సంతకం పెట్టిన కాగితాల నుంచి.

కారణం: బీ-ఫామ్, అంటే ఫలానావాడే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం. అది ఎవరి చేతిలో పెట్టాలో పార్టీలో నలుగురు కూర్చుని తేలుస్తారు. ఊళ్లో ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్తను అడిగే దిక్కుండదు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న "ఎంత పెట్టుకోగలడు?" అనే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. అసలు ఖర్చు ఎంతో ఎన్నికలు చూసిన ప్రతి ఊరికీ తెలుసు. అంత డబ్బు పెట్టి గెలిచినవాడు ముందు దాన్ని రాబట్టుకునే పనిలో ఉంటాడు.

ఏం చేయాలి: 2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఒక మంచి ఆదేశం ఇచ్చింది. కేసులున్నవాడికి టికెట్ ఇస్తే, ఎందుకిచ్చారో, కేసుల్లేని మనిషి ఎందుకు దొరకలేదో పార్టీ రాతపూర్వకంగా చెప్పాలి. స్థానిక భాషా పత్రికలోనూ, పార్టీ సోషల్ మీడియా పేజీలోనూ ప్రచురించాలి. "గెలిచే అవకాశం ఉంది" అన్నది కారణంగా చెల్లదని కూడా తేల్చి చెప్పింది. పార్టీ ఇచ్చే ఆ ప్రకటననే ఫారం సీ-7 అంటారు. ఈసారి మీ నియోజకవర్గంలో అలాంటి అభ్యర్థి నిలబడితే ఆ ప్రకటన వెతకండి. దొరికితే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఈ కారణం మనకు నచ్చిందా?" అని అడగండి. దొరక్కపోతే ఎన్నికల అధికారికి ఫిర్యాదు రాయండి.

అలాగే ఫారం 26. ఇదే అభ్యర్థి అఫిడవిట్. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మొత్తం చదవక్కర్లేదు, రెండు చోట్ల ఆగితే చాలు. ఒకటి, కేసుల పట్టిక. ధర్నాలో రోడ్డు మీద కూర్చున్నందుకు పడిన కేసూ, హత్యాయత్నం కేసూ ఒకటి కావు. సెక్షన్లు చూడండి, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్న గడి చూడండి. రెండు, అయిదేళ్ల ఆదాయప్పన్ను లెక్క. దాని పక్కన గత ఎన్నికప్పటి అఫిడవిట్ పెట్టండి. పాతవి ఏడీఆర్ వాళ్ల మైనేతా సైట్‌లో ఉంటాయి. ఏడాదికి ఇంత ఆదాయమన్న మనిషి ఆస్తి అయిదేళ్లలో ఎంత పెరిగిందో మీకే కనిపిస్తుంది.

అబద్ధపు అఫిడవిట్ ఇస్తే కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేయాలి, ఓటరైనా వేయొచ్చు. కాని కొత్తగూడెంలో ఏమైందో చూడండి. 2018 డిసెంబరులో జరిగిన అక్కడి ఎమ్మెల్యే ఎన్నిక చెల్లదని హైకోర్టు 2023 జూలైలో చెప్పింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇంతలో పదవీకాలమే ముగిసింది. అందుకే అఫిడవిట్‌ను ఓటుకు ముందు చదవాలి.

సమస్య 2: డబ్బు పంచినవాడే గెలుస్తున్నాడు

మాది నల్లగొండ జిల్లా. ఒక ఎన్నికల ముందు రాత్రి మా ఇంటికి ఓటరు స్లిప్పులతో పాటు కవరు వచ్చింది. అమ్మ దాన్ని విప్పకుండా బియ్యం డబ్బా మూత మీద పెట్టింది. వెనక్కి ఇచ్చేద్దామన్నాను. "ఇయ్యకుంటే మనం అవతలి పార్టీ అని రాసుకుంటరు బిడ్డా. రేపు మోటారు కాలితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎవరు ఫోన్ చేస్తరు?" అంది. ఆ మాట నన్ను ఆపేసింది. మా అమ్మది ఆశ కాదు, భయం. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు మాకు కవరు రాలేదని జనం రోడ్డెక్కితే అంతా వాళ్లను తిట్టారు. గెలిచాక ఏమీ రాదని తెలిసినవాళ్లు ఇప్పుడు వచ్చేదైనా దక్కించుకోవాలనుకోవడంలో వింత లేదు.

ఏం చేయాలి: పంచేవాళ్లను కళ్లారా చూస్తే ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఫొటోగాని వీడియోగాని పెట్టండి. మీ పేరు చెప్పనక్కర్లేదు. 100 నిమిషాల్లో స్పందించాలన్నది నియమం. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లోనే అది పనిచేస్తుంది. కాని అమ్మ చెప్పిన భయానికి మందు ఈ యాప్‌లో లేదు. అది కింది సమస్యలో ఉంది, అన్నిటికన్నా లోతైనది అదే.

సమస్య 3: మంచివాడితో పని కాదు, గట్టివాడే కావాలి అంటున్నాం

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చూడండి. చెప్పులు విప్పిన మెట్ల నుంచి గేటు దాకా జనం. ఒకరి చేతిలో ఆసుపత్రి బిల్లు, ఒకరి చేతిలో భూమి పాసుపుస్తకం, ఒకరి కొడుకు పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. మా వీధిలో ఒకామెకు భర్త పోయాక వితంతు పింఛను కోసం మండలాఫీసుకు వెళ్తే "ఎమ్మెల్యే సార్ లెటర్ తెచ్చుకో" అన్నారు. చట్టంలో అలాంటి లెటర్ ఎక్కడా లేదు. అర్హత ఉంటే పింఛను ఇవ్వాల్సిందే. అయినా ఆమె మూడు పొద్దులు ఆ మెట్ల మీద కూర్చుంది. లెటర్ దొరికాక ఆయన్ను దేవుడంది.

ఇక్కడే అంతా చెడింది. హక్కుగా రావాల్సిన ప్రతిదీ ఒక మనిషి దయగా మారింది. అలాంటప్పుడు ఓటరు ఎవరిని కోరుకుంటాడు? అధికారిని గద్దించగలవాణ్ని, ఎస్సైకి ఫోన్ చేయగలవాణ్ని. ఆ పనికి చదువు అక్కర్లేదు, నోరూ మందీ చాలు. చట్టం చదివి సభలో ప్రశ్న వేసేవాడు ఈ బజారులో అమ్ముడుపోడు. చట్టసభలు కూర్చునే రోజులు తగ్గిపోతున్నా మనమెవరం పట్టించుకోకపోవడానికి కూడా ఇదే కారణం. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంటే, 2019లో ఎన్నికైన లోక్‌సభ 55 రోజులే కూర్చుంది.

ఏం చేయాలి: లెటర్ అవసరాన్ని తగ్గించుకుంటూ పోవాలి. దరఖాస్తు ఏదైనా నోటిమాటగా ఇవ్వకండి, రశీదు తీసుకోండి. రశీదు ఇవ్వనంటే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి తీసుకెళ్లండి, అక్కడ నంబరు ఇస్తారు. ఆ తర్వాత "నా దరఖాస్తు ఎవరి బల్ల మీద, ఎన్ని రోజులుగా ఉంది?" అని సమాచార హక్కు కింద అడగండి. ఊరి స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. మా వీధిలోనే ఇంకో ముసలాయన పింఛనుకు ఈ కాగితమే రాశాం. జవాబు రాకముందే పింఛను వచ్చింది. ఆయన ఎవరి మెట్లూ ఎక్కలేదు.

"అందరూ అంతే" అనకండి. పుచ్చలపల్లి సుందరయ్య సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లారు. ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి బస్సుల్లోనే తిరిగారు. వాళ్లను గెలిపించింది మనలాంటి ఓటర్లే.

సమస్య 4: ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకున్నాడు

2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు 23 మంది టీడీపీలోకి వెళ్లారు. 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెస్ వాళ్లు 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 తర్వాత కాంగ్రెస్ వైపు వెళ్లారంటూ పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల మీద పిటిషన్లు పడ్డాయి. ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉంది. కాని తేల్చాల్సింది స్పీకర్, ఆయనకు చట్టంలో గడువు లేదు. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇది చట్టం మారితేనే బాగుపడే జబ్బు. ప్రచారానికి వచ్చే ప్రతి పార్టీ అభ్యర్థినీ "గడువు పెడతారా?" అని అడగడం మన పని.

సమస్య 5: విసుగొచ్చి నోటా నొక్కాను

ఇది మందు కాదు. 2024లో ఇందోర్‌లో 2 లక్షలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి, అయినా ఫలితం మారలేదు. నోటాకు ఎన్ని పడినా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. ఎమ్మెల్యేను వెనక్కి పిలిచే హక్కు కూడా మనకు లేదు. ఇక ఇంట్లో కూర్చోవడం ఇంకా నష్టం. 2023లో తెలంగాణ మొత్తం 70 శాతం దాటి ఓటేస్తే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా రాలేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పంచాయతీలో. రేపటి ఎమ్మెల్యే అక్కడే తయారవుతాడు. 2025 డిసెంబరు ఎన్నికలకు ముందు మా ఊళ్లో పదిమందిమి కలిసి సర్పంచ్‌గా నిలబడిన ముగ్గుర్నీ రామాలయం అరుగు మీదికి పిలిచాం. ఇద్దరు వచ్చారు. "మంచినీళ్ల ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడిగిస్తావు? బోరు మోటారు బిల్లు ఊరికి చూపిస్తావా?" అని అడిగాం. రాని మూడో మనిషే గెలిచాడు. మొదటి గ్రామసభలో మా అమ్మ లేచి అదే మోటారు బిల్లు అడిగింది. ఆయన కాసేపు నసిగి, కార్యదర్శిని పంపి కాగితం తెప్పించాడు. అది ఇప్పుడు పంచాయతీ గోడకు అతికించి ఉంది.