బండలు పరిచిన ఇంట్లో లో-ఫై పాట

కడప, కర్నూలు వైపు ఇళ్లలో లో-ఫై పాట, అంటే పాత టేపులా కాస్త బుసతో, మసగ్గా వినిపించే పాట, రికార్డు చేసేవాళ్లకు మొదటి చిక్కు మైకుతో కాదు, కాళ్లకింది నాపరాళ్లతో. నున్నటి బండలు, ఖాళీ గోడలు గొంతును వెనక్కి కొడతాయి. పాట బావిలోంచి వస్తున్నట్టుంటుంది. కింద మందపాటి బొంత పరవండి. పాడేవాళ్ల వీపు వెనక రెండు దుప్పట్లు వేలాడదీయండి, మైకు చూసేది అటువైపే కదా. ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో అది అయ్యే పని కాదు, తెల్లవారుజామున పెట్టుకోండి.

1979లో టాస్కామ్ పోర్టాస్టూడియో అనే రికార్డింగ్ యంత్రం వచ్చాక మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు, అంటే విడివిడి శబ్దాల వరసలు, ఇంట్లోనే రికార్డు చేసుకునే వీలు కలిగింది. ఫోనులో ఎన్ని ట్రాకులైనా పెట్టొచ్చు గానీ ఆ నాలుగు దగ్గరే ఆగడం మంచిది: గిటారు, గొంతు, అదే గొంతు ఇంకోసారి, తాళం. రెండో గొంతును కాపీ చేసి అతికించకండి. శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. మళ్లీ పాడాలి. రెండుసార్లకీ మధ్య వచ్చే వెంట్రుకవాసి తేడాలోనే ఈ తరహా పాటల అందమంతా ఉంది.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ తీసేయండి; అది గిటారు తీగ మోత సాగుతుండగానే మింగేస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా గాలి తగులుతుంది. యాప్‌లో కనిపించే శబ్దం లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. బుస ఉంటే ఉండనీ, లెవెల్ మించి పగిలిన గొంతును మాత్రం ఏ ఫిల్టరూ బాగుచేయలేదు. ఇయర్‌ఫోన్ వైరుదే వాడండి. బ్లూటూత్‌లో పాట ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది.

ఆడాసిటీ అనే కంప్యూటర్ ఆడియో ఎడిటర్‌లో 100 హెర్ట్జ్ కింది లోతు శబ్దాలను, 8,000 హెర్ట్జ్ పైని సన్నటి శబ్దాలను కోసేస్తే పాత టేపు ఛాయ వస్తుంది. ఇంట్లో పాత టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసినది) పడి ఉంటే ఇంకా మేలు. టేపు ఆనుకుని నడిచే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, పాటను స్పీకరులో పెట్టి టూ-ఇన్-వన్ మైకుతో క్యాసెట్‌లోకి ఎక్కించి, తిరిగి ఫోనులోకి తీసుకోండి. పాత సినిమా పాటల క్యాసెట్ అయితే రికార్డు బటన్ దిగదు. వెనక అంచున ఉన్న చిన్న గుంటల మీద సెల్లోటేపు అంటిస్తే దిగుతుంది. లోపలి రబ్బరు బెల్టు సాగి ఉంటే శ్రుతి ఊగుతుంది. కొంచెం ఊగితే బాగానే ఉంటుంది. పల్లవికీ చరణానికీ శ్రుతి కలవనంతగా ఊగితే బెల్టు మార్చాలి.