పాత పటం చదవడం – 3వ పాఠం: దూరాలు కొలుద్దాం

పోయిన పాఠంలో కాగితాన్ని పరీక్షించాం. రాగి పలక ఒత్తిడికి అంచు చుట్టూ పడిన గుంట, కాగితాన్ని వెలుగుకు పడితే కనిపించే నీటిగీతలు, ఆకుపచ్చ రంగు రసాయనానికి వెనకవైపు గోధుమ రంగుకు తిరిగిన సరిహద్దు చూశాం. ఈసారి కొలతలు.

సిక్కోలు సర్కారును, అంటే శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న అప్పటి పరగణాను, చూపే 1750ల నాటి ఫ్రెంచి పటం ఒకటి కావాలి. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయపు గాలికా (Gallica) సైటులోగానీ డేవిడ్ రమ్సే (David Rumsey) పటాల సేకరణలోగానీ వెతికి దించుకోండి. శ్రీకాకుళాన్ని పాత స్పెల్లింగులో ‘Chicacole’ అని కొట్టి చూడండి. ఎ3 సైజులో ప్రింటు తీయించి, దారం, స్కేలు, ఇవాళ్టి జిల్లా పటం పక్కన పెట్టుకోండి.

పటం ఏ కాలంలో పుట్టిందో ముందు గుర్తుంచుకోవాలి. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ మన సర్కారుతో కలిపి నాలుగు సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట ముందు నిలిచాయి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ చేతిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నమూ పోయింది. ఇంత హడావిడిలో గొలుసులు పట్టుకుని ఊరూరా సర్వే చేసిందెవరు? ఎవరూ చేయలేదు. ఓడవాళ్ల లెక్కలు, సైన్యం వెంట ఉన్నవాళ్ల రాతలు పారిస్ చేరితే, అక్కడ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కలిపి గీశారు. ఆ కాలపు పేరున్న పటకర్త దాన్‌వీల్ ఇండియా ముఖమే చూడలేదు. అయినా ఆయన పని తీసిపారేసేది కాదు.

ఇప్పుడు స్కేలు గీత చూడండి. ఒక్కోసారి రెండు మూడు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, కంగారు పడొద్దు. లీగు అంటే అప్పటి దూరపు కొలత. ఫ్రెంచి సాధారణ లీగులైతే అక్షాంశపు డిగ్రీకి 25, అంటే ఒక్కోటి సుమారు 4.4 కి.మీ. సముద్రపు లీగులైతే డిగ్రీకి 20, అంటే 5.5 కి.మీ. పక్కనే చిన్న అక్షరాల్లో ‘25’ అనో ‘20’ అనో ఉంటుంది. అది చూడకుండా కొలిస్తే లెక్క నాలుగో వంతు తప్పుతుంది.

దారాన్ని భీమిలి నుంచి కళింగపట్నం దాకా తిన్నగా పట్టండి. ఇవాళ్టి పటం మీద తిన్నటి దూరం సుమారు 86 కి.మీ. అంటే సాధారణ లీగుల్లో 19 పైచిలుకు, సముద్రపు లీగుల్లో పదిహేనున్నర రావాలి. తర్వాత విజయనగరం నుంచి బొబ్బిలికి పట్టండి. అసలు దూరం 51 కి.మీ., సాధారణ లీగుల్లో పదకొండున్నర. రెంటిలో ఏది ఎంత తప్పిందో రాసుకోండి. తీరం వెంబడి తేడా తక్కువుంటే ఆశ్చర్యం లేదు: ఓడవాళ్లు ఏళ్ల తరబడి అదే దారిలో తిరిగారు. లోపలి దూరం సైన్యం నడకను బట్టి వేసిన అంచనా. ఎడ్లు లాగే ఫిరంగి బండి బురదలో దిగబడినా, కొండ చుట్టి పోయినా, ఆ ఆలస్యమంతా దూరంగా మారి కాగితమెక్కుతుంది.

రేఖాంశాల్లోనే చాలామంది బోర్లా పడతారు. అంచున అంకెలు మన లెక్కకు కలవవు, ఎందుకంటే అప్పటికి గ్రీనిచ్‌ను అందరూ సున్నాగా ఒప్పుకోలేదు. ఫ్రెంచి పటాల్లో సున్నా పారిస్ దగ్గరో, ఆఫ్రికా పడమటి సముద్రంలోని ఫెర్రో ద్వీపం దగ్గరో ఉండేది. పారిస్ రేఖ గ్రీనిచ్‌కు 2 డిగ్రీల 20 నిమిషాలు తూర్పున ఉంది. ఫెర్రో ద్వీపపు రేఖను పారిస్‌కు సరిగ్గా 20 డిగ్రీలు పడమరగా లెక్క కట్టుకున్నారు. శ్రీకాకుళం ఇవాళ్టి లెక్కలో 83 డిగ్రీల 54 నిమిషాలు. పారిస్ నుంచైతే 81 డిగ్రీల 34 నిమిషాలు, ఫెర్రో నుంచైతే 101 డిగ్రీల 34 నిమిషాలు. మీ పటంలో అంకె వంద దాటితే ఫెర్రో అనుకోండి. ఇంత లెక్క కట్టాక కూడా రేఖాంశం కాస్త అటూ ఇటూ ఉంటుంది. మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తుతో అక్షాంశం తేలిపోతుంది కానీ, రేఖాంశానికి సముద్రం మీద సరైన గడియారం కావాలి. ఆ రోజుల్లో ఓడల్లో అది లేదు. అందుకే ఉత్తర దక్షిణాల్ని నమ్మినంతగా తూర్పు పడమరల్ని నమ్మకండి.

సరిచూసుకునే బిందువులుగా నదీ ముఖాలు పెట్టుకోవద్దు. నాగావళి, వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక మేట జరుగుతూనే ఉంటుంది. విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండ, భీమిలి కొండ లాంటివి ఓడ నుంచి కనిపించే గుర్తులు, అవి మేలు.

1757 యుద్ధంలో బొబ్బిలి కోట నాశనమైంది, పటంలో బొబ్బిలి గుర్తు ఉంది కాబట్టి అది 1757కు ముందుదని తేల్చేవాళ్లు కనిపిస్తుంటారు. ఒప్పుకోకండి. పాత పలకనే ఏళ్ల తరబడి అచ్చు వేసేవారు, ఆ సంస్థానమూ తర్వాత మళ్లీ నిలబడింది.

ఇంటిపని: సాలూరు, పార్వతీపురం వైపు మీ పటంలో ఏముందో చూడండి. చీమల పుట్టల్లా వరసగా కొండలు గీసి, పేర్లు లేకుండా వదిలేసి ఉంటే, పేర్లున్న ఊళ్లన్నిటినీ పెన్సిలుతో కలపండి. గీత ఒకే దారి పట్టుకుని సాగితే, సైన్యం ఎటు నడిచిందో మీకు దొరికినట్టే. దాన్ని దాచి ఉంచండి, నాలుగో పాఠంలో 1758లో ఫోర్డ్ విశాఖపట్నంలో దిగి కశింకోట మీదుగా నడిచిన దారిని దాని పక్కన గీస్తాం.