మరణం దగ్గర పడిందని తెలిసినప్పుడు బైబిల్ ఎలా చదవాలి?

డాక్టర్ చెప్పాల్సింది చెప్పేశాక ఇంటికొచ్చి బైబిల్ చేతిలోకి తీసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. కొందరు కళ్ళు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి, కనబడిన వాక్యమే దేవుడి జవాబు అనుకుంటారు. ఆ పేజీలో శిక్ష గురించిన మాట ఉందంటే ఉన్న భయం రెట్టింపవుతుంది. అలా చేయకండి. కొద్ది భాగాలే పెట్టుకుని వాటినే మళ్ళీ మళ్ళీ చదవండి.

ముందు 88వ కీర్తన తీయండి. 18 వచనాలే. మొర పెట్టుకునే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఇలాంటి ప్రార్థనకు కూడా బైబిల్లో చోటుంది కాబట్టి మీరూ దేవుడి ముందు ఏడవొచ్చు, ఎందుకని గట్టిగా అడగొచ్చు. మనసుకు తగిలిన వచనం దగ్గర ఆగి, అదే సంగతి మీ మాటల్లో పైకి చెప్పండి.

తర్వాత మార్కు 14వ అధ్యాయం, 32 నుంచి 42 వరకు. సిలువ మరణానికి ముందు రాత్రి గెత్సేమనే అనే చోట యేసు "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు, ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని తండ్రిని వేడుకున్నాడు, మళ్ళీ వెళ్ళి అదే అడిగాడు, మెలకువగా ఉండమన్న స్నేహితులేమో నిద్రపోయారు. భయపడుతున్నారంటే విశ్వాసం చాలలేదని ఎవరైనా మీతో అంటే ఈ భాగం చూపించండి. చావుకు దగ్గరగా ఉన్న మనిషితో ఆ మాట అనడం క్రూరం, నేనైతే ఎప్పటికీ ఒప్పుకోను. ఆ ప్రార్థన చివరికి "నీ చిత్తప్రకారమే కానిమ్ము" దాకా వెళ్తుంది, నిజమే, కానీ మీరు ఈరోజే అక్కడికి చేరాలని లేదు.

23వ కీర్తన కంఠతా వచ్చినా ఈసారి నెమ్మదిగా చదవండి. మొదటి మూడు వచనాల్లో కీర్తనకారుడు "ఆయన" అని దేవుడి గురించి చెబుతాడు. నాలుగో వచనంలో, గాఢాంధకారపు లోయ రాగానే, "నీవు నాకు తోడై యుందువు" అని నేరుగా ఆయనతోనే మాట్లాడతాడు. లోయ తప్పిపోతుందన్న మాట లేదు, తోడు ఉంటుందన్న మాట ఉంది. ధైర్యం అక్కడినుంచే వస్తుందని నా నమ్మకం.

రాత్రి నిద్ర పట్టక టెన్షన్ ఎక్కువైతే పెద్ద భాగాలు పనికిరావు, ఒక్క వాక్యం చాలు. 31వ కీర్తన 5వ వచనం: "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను." లూకా సువార్త ప్రకారం యేసు ప్రాణం విడిచే ముందు పలికింది ఈ కీర్తన మాటే, ముందు "తండ్రీ" అని చేర్చాడు. ఊపిరి తీసుకుంటూ "తండ్రీ" అనండి, వదులుతూ మిగతాది.

ఓపిక తగ్గాక ఎవరైనా చదివి వినిపించాలి. యోహాను 14:1-3, మరణమైనా జీవమైనా దేవుని ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేవనే రోమా 8:38-39, ఈ రెండూ వినడానికి బాగుంటాయి. చదివేవాళ్ళు ఒక్క భాగం చదివి చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు, ప్రసంగం వద్దు. కన్నీళ్ళొస్తే ఆపుకోనక్కర్లేదు, చనిపోయిన లాజరును బ్రతికించబోయే ముందు యేసే ఏడ్చాడు. సంఘ పెద్దల్ని పిలిపించుకుని ప్రార్థన చేయించుకోమని యాకోబు 5:14లో ఉంది, కాబట్టి వాళ్ళకు ఇబ్బందేమోనని మొహమాటపడకండి.

ఇంకొకటి, యెషయా 38. "నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అని జబ్బుతో చావుకు దగ్గరైన హిజ్కియా రాజుకు దేవుడి నుంచి కబురొచ్చింది, ఆయన ఏడ్చి ప్రార్థిస్తే ఆయుష్షుకు 15 ఏళ్ళు కలిశాయి. కాబట్టి బాగవ్వాలని అడగండి, వీలునామా కూడా రాయండి, మాటలు ఆగిపోయినవాళ్ళకు ఫోన్ చేయండి. నొప్పి ఉంటే ఓర్చుకోకుండా డాక్టరుకు చెప్పండి, అది అవిశ్వాసం కాదు.

ఈ పేజీల్లో చిన్న కాగితం ముక్కలు పెట్టి, ఏది ఎప్పుడు చదవాలో మీ చేత్తోనే రాసి, బైబిల్ మంచం పక్కన ఉంచండి. మీకు మాట రాని రోజున పక్కనున్నవాళ్ళకు ఏ పేజీ తెరవాలో తెలుస్తుంది.