తుపానుల నెలల్లో రేస్‌కారు బ్యాటరీ: విశాఖ టీములకు జాగ్రత్తలు

ఇంజినీరింగ్ విద్యార్థులు తామే తయారుచేసిన రేస్‌కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ మామూలుగా జనవరిలో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. అంటే ఇక్కడ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ప్యాక్ బిగించే పని సరిగ్గా అక్టోబరు, నవంబరు తుపానుల్లో పడుతుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. షెడ్డు పైకప్పు కారుతుందేమోనని అందరూ చూసుకుంటారు. ప్యాక్‌కు ఎక్కువ చేటు చేసేది మాత్రం ఉప్పుగాలి, చెమ్మ.

ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గరున్న ప్యాక్‌ను బయటికి తెచ్చి వెంటనే మూత తీయకండి. బయట 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే, 28 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీరు పడుతుంది. బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్) బోర్డు మీద ఆ పల్చటి తడికి ఉప్పు తోడైతే కరెంటు లీకేజీ మొదలైనట్టే. లోపలి సెన్సర్లు బయటి ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవండి. పెద్ద ప్యాక్‌కు గంటలు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టే తెలివి వద్దు.

ప్యాక్ తెరిచినప్పుడల్లా ముందుగా మెయింటెనెన్స్ ప్లగ్గులు తీసి సెగ్మెంట్లు (ప్యాక్‌లోని సెల్స్ గుంపులు) విడదీయాలి. ఒక్కో సెగ్మెంటు 120 వోల్టులు దాటకూడదని పోటీ రూలు ఉంది, కానీ ప్రాణం తీయడానికి ఆ 120 చాలు. ఉంగరం, కడియం, గొలుసు తీసేయండి. క్లాస్ 0 (కరెంటు పనికి వాడే రకం) రబ్బరు గ్లవ్స్ మణికట్టు దగ్గర చుట్టి, గాలి బిగించి, చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా బుస్సుమన్నా పక్కన పడేయాలి. పైన తోలు గ్లవ్స్, లోపల చెమటకు నూలువి. పక్కన ఇంకొకరు తప్పనిసరి.

బస్‌బార్ (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ) జాయింట్ల మీద చిలుము చూడండి. జాయింటు నిరోధం 0.5 మిల్లీఓమ్ అంటే ఏమంత అనిపిస్తుంది. 200 ఆంపియర్ల దగ్గర అదొక్కటే 20 వాట్ల వేడి, అదీ సెల్ పక్కనే. సెగ్మెంటును 10 ఆంపియర్ల లోడుతో డిశ్చార్జి చేస్తూ ప్రతి జాయింటు మీద మిల్లీవోల్టులు కొలవండి: 1 మిల్లీవోల్టు అంటే 0.1 మిల్లీఓమ్. మిగతావాటికి రెట్టింపు చూపేదాన్ని విప్పి, శుభ్రం చేసి, టార్క్ రెంచితో మళ్ళీ బిగించి, వదులైతే తెలిసేలా పెయింటుతో గీత గీయండి.

ఇన్సులేషన్‌కు, అంటే ప్యాక్ కరెంటు కారు బాడీకి చేరకుండా ఆపే నిరోధానికి, రూలు వోల్టుకు 500 ఓమ్‌లు. 400 వోల్టుల కారుకు 200 కిలోఓమ్‌లు. అది పాసుమార్కు మాత్రమే. ఎండరోజున కొలిచి రాసుకోండి, వాన తరవాత మళ్ళీ కొలవండి. మెగాఓమ్‌ల నుంచి వందల కిలోఓమ్‌లకు పడితే నీరు లోపలికి వెళ్తోంది, చాలాసార్లు కేబుల్ గ్లాండు (కేబుల్ పెట్టెలోకి వెళ్ళేచోట ఉండే బిగుతు) దగ్గరే. గ్లాండులోకి వెళ్ళే ముందు కేబుల్ ఒకసారి కిందికి వంగి పైకి లేవాలి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పోటీలో రెయిన్ టెస్టులో 120 సెకన్లు నీళ్ళు చల్లుతారు, అప్పుడూ, ఆగాక మరో 120 సెకన్లూ ఐఎండీ (ఇన్సులేషన్ తగ్గితే కరెంటు ఆపేసే పరికరం) ట్రిప్ కాకూడదు. ఇంటి దగ్గరా ఇలాగే చెయ్యండి: చక్రాలు లేపి, సీట్లో ఎవరూ లేకుండా, మంచినీళ్ళతో.

తుపాను హెచ్చరిక వస్తే ఛార్జింగ్ ఆపండి. సెల్స్ 3.7–3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఛార్జర్ ప్లగ్గు పీకి, ప్యాక్‌ను నేల మీద కాకుండా ఎత్తున పెట్టండి. ఒకవేళ ప్యాక్ మునిగితే ఆరాక బాగానే ఉందని ఆన్ చేయకండి, మంట రోజుల తరవాతైనా రావచ్చు. గోడలకు దూరంగా ఆరుబయట పెట్టించి 101కి చెప్పండి. పొగ కనిపిస్తే దగ్గరికి వెళ్ళొద్దు, అది విషం.