కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి) మారాలంటే: మొదటి సెమిస్టర్‌కి ముందే చూసుకోవాల్సినవి

☐ మేజర్ (ముఖ్యంగా చదివే సబ్జెక్టు) ఏదో, ఏ క్యాంపస్‌కి వెళ్లాలో కనీసం సుమారుగా అనుకున్నాకే క్లాసులు ఎంచుకోండి.

☐ మీ కాలేజీలో చదివిన ఏ కోర్సు యూనివర్సిటీలో లెక్కలోకి వస్తుందో చూపించే అసిస్ట్ (assist.org) వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ పెట్టి, ఆ రెండింటి మధ్య కోర్సుల ఒప్పందం ప్రింట్ తీసుకోండి. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు ఉంటాయి. కుడివైపు ఏమీ లేకపోతే కౌన్సెలర్‌ని వెంటనే అడగండి. మా అమ్మాయి ఈ పని ఆలస్యంగా చేసింది. ఒక మ్యాథ్స్ కోర్సు లెక్కలోకి రాక వేసవి సెలవులన్నీ క్లాసులోనే గడిపింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

☐ జూనియర్‌గా (మూడో ఏడాది విద్యార్థిగా) యూసీకి మారడానికి, అక్కడ లెక్కలోకి వచ్చే 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. క్వార్టర్ పద్ధతి అయితే 90.

☐ సీటు హామీ ఇచ్చే ట్యాగ్ అప్లికేషన్ సెప్టెంబర్‌లోనే వేయాలి. ఇది డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలకు లేదు.

☐ ఎఫ్-1 వీసా పిల్లలూ, కష్టంగా ఉందని క్లాసు డ్రాప్ చేసేముందు ఆగండి. అనుమతి లేకుండా సెమిస్టర్‌కి 12 యూనిట్ల కంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ప్రమాదం. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో మాట్లాడండి.

☐ ప్రతి క్లాసు సిలబస్ దాచుకోండి.